ఓళిగ తిన్నందుకు రాత్రి పస్తా?

ప్రశ్న: నా వయసు 61. షుగరుకు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర ఉదయం, రాత్రి భోజనానికి ముందు వేసుకుంటాను. మూడు నెలల సగటు పరీక్షలో 7.4 వచ్చింది. పండుగలకూ, చుట్టాలు వచ్చినప్పుడూ ఇంట్లో ఓళిగలు చేస్తాం. నేనూ రెండు తింటాను. తిన్న రోజు లెక్క సరిపోతుందని రాత్రి భోజనం మానేస్తాను, మాత్ర మాత్రం మానను. మొన్న పండుగనాడు నడిరాత్రి ఒళ్లంతా చెమటలు పట్టి, చేతులు వణికాయి. బెల్లంతో చేసినవే కాబట్టి ఫరవాలేదని కోడలు అంటుంది. ఇక ఓళిగలు మానుకోవలసిందేనా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఓళిగ ఉండనివ్వండమ్మా, ముందు ఆ పస్తు మానండి. మీరు తిన్నారా లేదా అన్నది గ్లిమిపిరైడ్‌కు పట్టదు. క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. మధ్యాహ్నం తిన్న ఓళిగల చక్కెర రాత్రి దాకా నిలవదు. ఖాళీ కడుపున మాత్ర పడితే రక్తంలో చక్కెర పడిపోతుంది. మీరు చెప్పిన చెమట, వణుకు దాని లక్షణాలే.

మళ్లీ అలా అనిపిస్తే వెంటనే గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉన్నా, చూసే వీలు లేకపోయినా, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగండి. పావుగంట తరువాత మళ్లీ చూసుకుని, ఇంకా తక్కువే ఉంటే మరోసారి తాగండి. కుదుటపడ్డాక కాస్త అన్నమో రొట్టో తినండి. విచిత్రం ఏమిటంటే ఆ సమయంలో ఓళిగ పనికిరాదు. అందులోని నెయ్యి, పప్పు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలని ఇంట్లో వాళ్లకు చెప్పి ఉంచండి.

కోడలి మాట సంగతి: చక్కెరను పెంచే విషయంలో బెల్లానికి రాయితీ ఏమీ లేదు. మన వైపు సంగటి మీద కూడా ఇలాంటి నమ్మకమే ఉంది. రాగుల్లో పీచు ఉన్న మాట నిజమే, కానీ ఎక్కువ భాగం పిండిపదార్థమే. పైగా మన సంగటిలో బియ్యమూ పడుతుంది.

పండుగ విస్తరిలో అసలు చిక్కు ఓళిగ ఒక్కదానితో రాదు. దాని పక్కనే చిత్రాన్నం, ఆ పైన కట్టుచారుతో అన్నం, చివర పెరుగన్నం. పూర్ణం, పైపిండి కలిపి చూస్తే మోస్తరు ఓళిగ ఒకటి చిన్న గిన్నెడు అన్నానికి ఇంచుమించు సమానం. అందుకని ఒక్క ఓళిగే తినండి, ఆ మేరకు అన్నం తగ్గించండి. చిత్రాన్నమా, పెరుగన్నమా, మీరే తేల్చుకోండి. నేనైతే పెరుగన్నం వదలను. కూర, పప్పు ముందు తిని తీపి చివర్లో తింటే చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. తిన్నాక కాసేపు నడవండి. మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు పరీక్షించుకోండి. 180 లోపు ఉంటే ఆ కొలత మీకు సరిపోయినట్టే. దాటితే ఈసారి సగం ఓళిగ.

మాత్రల మోతాదు మీరే మార్చకండి. పండుగ దాకా ఆగకుండా మీ డాక్టరును కలిసి, ఆ రాత్రి జరిగినదంతా చెప్పండి. రాత్రి మాత్ర తగ్గించాలా, మార్చాలా అన్నది ఆయన చూస్తారు. ఓళిగల మాట కూడా దాచకండి.