మంత్రగత్తెనా, మంత్రసానా?

సందేహం: మా పాప కోసం ఒక ఇటలీ బొమ్మల కథను తెలుగు చేస్తున్నాను. కలాబ్రియా పల్లెలో మందులిచ్చి, దిష్టి తీసి, కాన్పులు చేసే అవ్వ దగ్గర మనవరాలు ఆ విద్య నేర్చుకుని ఊరికి పెద్దదిక్కవుతుంది. ఇంగ్లీషులో ఆమెను 'విచ్' అన్నారు. నేను 'మంచి మంత్రగత్తె' అని రాస్తే మా అత్తగారు "చేతబడి చేసేదానిలా ఉంది" అన్నారు. 'మాంత్రికురాలు' అనవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: అనవచ్చునమ్మా, వ్యాకరణం అడ్డురాదు. కానీ ఆ మాట వింటే పల్లెటూరి అవ్వ కాదు, డబ్బింగ్ సీరియల్ గుర్తొస్తుంది. పిల్లల పుస్తకాల్లోకి ఇలాంటి అట్టముక్క మాటలు ఎందుకు తెస్తారో నాకు అర్థం కాదు.

'మంత్రగత్తె'లో 'గత్తె' చేసిన పాపమేమీ లేదు. అందగత్తెలోనూ చెలికత్తెలోనూ ఉన్నది అదే. చెడ్డపేరు వాడుకలో వచ్చింది. బాణామతి పేరు పెట్టి ఆడవాళ్లను కొట్టిచంపిన ఊళ్లు మనకున్నాయి కనుక మీ అత్తగారి జంకు ఉత్తది కాదు. మాయలాడి, టక్కులాడి వేరే దారి. వాటి జోలికి పోవద్దు.

నాకు మక్కువైన మాట మంత్రసాని. మీ కథలో అవ్వ చేసే పనే అది! 'సాని' సంస్కృత 'స్వామిని' నుంచి వచ్చిందంటారు. అంటే యజమానురాలు, దొరసాని. గూడూరు శాసనం చూడండి: చిన్నవాడైన బేతరాజు కోసం చక్రవర్తిని దర్శించి కాకతి వంశాన్ని నిలబెట్టినావిడ విరియాల కామసాని. ఒక రాజ్యానికే పురుడు పోసిందన్నమాట! అంతటి 'సాని'ని తెచ్చి సానికొంపల్లో పడేశాం. కన్యాశుల్కం నాటికే ఆ మాట ఎంత దిగజారిందో మధురవాణిని అడిగితే చెబుతుంది. మంత్రసాని ఒక్కతే పరువు నిలుపుకుంది. అదీ "మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అనే సామెత దయవల్లనేమో.

ఇటలీలో కథ తిరగబడింది. మంత్రగత్తెను వాళ్లు 'స్ట్రేగా' అంటారు. ఆ మాటకు మూలం లాటిన్‌లో కీచుమని అరిచే రాత్రిపక్షి. ఉయ్యాల్లోని పసిబిడ్డల నెత్తురు తాగే ఆ పిట్టల గురించి ప్రాచీన రోమ్ కవి ఓవిడ్ తన 'ఫాస్టి' కావ్యం ఆరో పుస్తకంలో రాశాడు. అవి పుట్టుకతోనే పిట్టలో, ముసలమ్మల మంత్రంవల్ల అలా మారాయో అని ఆయనకే సందేహం. అక్కడ మంత్రానికి వాడిన 'కార్మెన్' అనే మాటకు పద్యమనీ అర్థముంది! పిల్లల్ని పీక్కుతినే పిట్ట పేరే చివరికి మీ కథలో పిల్లల్ని భూమ్మీదికి తెచ్చే అవ్వకు దక్కింది. పళ్లెంలో నీళ్లు పోసి, నూనెచుక్కలు వేసి దిష్టి చూసే ఆడవాళ్లు దక్షిణ ఇటలీలో ఉన్నారు. ఆ మంత్రాన్ని క్రిస్మస్ ముందురాత్రే మరొకరికి చెప్పాలట. జనవరి 5 రాత్రి చీపురెక్కి వచ్చి పిల్లల మేజోళ్లలో మిఠాయిలు పెట్టే బెఫానా కూడా అక్కడిదే. ఆమె పేరు క్రైస్తవుల 'ఎపిఫనీ' పండుగ పేరు అరిగిపోయి వచ్చింది.

ఇక మీరేం రాయాలి? మంత్రసాని అంటే ఈనాటి పిల్లలకు కాన్పు ఒక్కటే తడుతుంది, దిష్టీ మందులూ తట్టవు. కనుక అవ్వ పురుడు పోసే పేజీలో ఆ మాట వాడి, మిగతా చోట్ల 'మంత్రాలవ్వ' అంటే బాగుంటుందని నా అభిప్రాయం. మంత్రగత్తె అన్నా నేను తప్పు పట్టను. ముందు 'మంచి' అని తగిలిస్తే మాత్రం పడతాను. మంచిదో చెడ్డదో కథ చెప్పాలి. మీ అత్తగారు దేనికీ ఒప్పుకోకపోతే 'అవ్వ' చాలు. ఇటలీ పిల్లలూ ముసలమ్మను నోన్నా అనే పిలుస్తారు.