కార్బన్ 3000 డిగ్రీలు తట్టుకుంటుంది కదా, ఫర్నేసుకు సిరామిక్ ఫైబర్ బదులు అదే ఎందుకు వాడరు?

వాడొద్దు తమ్ముడూ. సిరామిక్ ఫైబర్ దుప్పటి రోల్ మీద 1260 డిగ్రీలు అని ఉంది, కార్బన్ ఫెల్ట్‌కు, అంటే కార్బన్ పీచుతో చేసిన మందపాటి గుడ్డకు, 3000 అంటున్నారు, ఏది మేలని అడిగావు. ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడడమే తప్పు.

షాద్‌నగర్ వైపు ఒక రీరోలింగ్ మిల్లులో, అంటే ఉక్కును కాల్చి కడ్డీలుగా సాగదీసే చోట, పదకొండేళ్లుగా మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఒకసారి ఉక్కును వేడిచేసే రీహీటింగ్ ఫర్నేసు తలుపు పక్క సందులోంచి మంట బయటికి కొట్టింది. స్టోర్‌లో గ్రాఫైట్ ఫెల్ట్ (గ్రాఫైట్ కూడా కార్బనే) ముక్క కనిపిస్తే, ఇది ఇంకా గట్టిదని దాన్నే మడిచి కుక్కాం. పొద్దున వచ్చి చూస్తే సందు ఎట్లున్నది అట్లే ఉంది. ఫెల్ట్ కరగలేదు, రాలిపడలేదు. పొయ్యిలో బొగ్గులా కాలి గాలిలో కలిసిపోయింది.

గ్రాఫైట్‌లో కార్బన్ పరమాణువులు ఆరు కోణాల గళ్లుగా అల్లుకుని పొరలు పొరలుగా ఉంటాయి. ఆ పట్టు వల్లే మామూలు గాలి ఒత్తిడిలో అది కరగదు, 3600 డిగ్రీల దరిదాపుల్లో నేరుగా ఆవిరవుతుంది. కానీ ఆక్సిజన్ తగిలిందా, 500 దగ్గరే పొరల అంచుల నుంచి తినేయడం మొదలవుతుంది. గాలి తీసేసిన వాక్యూమ్ ఫర్నేసుల్లో, దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు నింపినవాటిలో 2000 పైన కూడా నిలబడేది ఆక్సిజన్ లేదు కాబట్టే. అగ్ని క్షిపణి ముందు భాగానికి కార్బన్ వాడారు కదా అంటారు. అది నిమిషాల్లో ముగిసే ప్రయాణం. మన ఫర్నేసు నెలల తరబడి మండాలి.

సిరామిక్ ఫైబర్ అంటే దాదాపు సగం అల్యూమినా, సగం సిలికా. రెండూ ముందే ఆక్సైడ్లు, ఇక కాలడానికేం లేదు. కరిగించి, గాలితో కొట్టి పీచు మిఠాయిలా తీస్తారు. చప్పున చల్లారుతుంది కాబట్టి పరమాణువులు వరసలో సర్దుకోలేవు, గాజులాగే ఉండిపోతుంది. 1000 పైన నెలలు గడిస్తే మాత్రం లోపల ముల్లైట్ (అల్యూమినా, సిలికా కలిసినది), ఆ తర్వాత క్రిస్టోబలైట్ (ఒట్టి సిలికా) స్ఫటికాలు పుడతాయి. పీచు కుంచించుకుని పెళుసవుతుంది. 1260 అనేది గ్రేడు అంకె, రోజూ ఆ వేడిలో ఉంచమని కాదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు, నాకు కోపం వచ్చేది అక్కడే.

నువ్వు అడగలేదు గానీ ఇంకోటి చెప్పాలి. తర్వాతి షట్‌డౌన్‌లో ఫర్నేసు లోపలి గోడలకు పరిచిన పాత సిరామిక్ దుప్పటి లైనింగ్ పీకాం. కొత్తలో దూదిలా ఉన్న దుప్పటి, పట్టుకుంటే అప్పడంలా విరిగి పిండైంది. వనపర్తి నుంచి వచ్చిన పిల్లలు మొహానికి తువ్వాల చుట్టుకుని ఆ దుమ్ములోనే ఊడ్చారు. “అన్నా, మెడ దురద పెడుతున్నది, కొబ్బరినూనె రాస్తే పోతదా?” అని ఒకడు అడిగాడు. దురద స్నానంతో పోతుంది. కానీ ఆ పొడిలో క్రిస్టోబలైట్ ఉంటుంది, అది స్ఫటిక సిలికా. పలుగురాయి పిండి మిల్లుల్లో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చేది ఆ జాతి ధూళే. పాలమూరులో ఆ దగ్గు విన్నవాళ్లకు నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఫర్నేసు పూర్తిగా చల్లారాక నీళ్లు చిలకరించి, దుప్పటి తడిశాకే ముట్టుకుంటున్నాం. పీకింది పీకినట్టే సంచిలో వేసి మూతి కడుతున్నాం. తువ్వాలతో వచ్చినవాణ్ణి ఆపి, ఎన్95 మాస్కు పెట్టించాకే లోపలికి పోనిస్తున్నాను.