1857 నాటి ఎన్‌ఫీల్డ్ తుపాకీకి వేలంలో లక్ష పైన పెట్టొచ్చా?

చెన్నైలో వచ్చే ఆదివారం వేలానికి 1857 అని చెక్కిన ఎన్‌ఫీల్డ్ తుపాకీ (బ్రిటిష్ సైన్యం వాడిన పాత రైఫిల్) వస్తోందని, కొత్తదానిలా మెరుస్తోందని, పాట లక్షా ఇరవై వేల దాకా వెళ్లవచ్చని రాశారు. పాడొచ్చా అని అడిగారు. మీరు పెట్టిన ఫొటో చూస్తే వద్దనే చెప్పాలనిపిస్తోంది. ఆ మెరుపే నన్ను భయపెడుతోంది.

2019లో ఇదే ఊళ్లో నేనూ అలాంటిదే కొన్నాను. మాది నెల్లూరు, ముప్పై ఏళ్లుగా పెరంబూరులో ఉంటున్నాం. పాత వస్తువులంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆ రోజు నలభై వేలు దాటకూడదని అనుకునే వెళ్లాను. పక్క వరసలో ఒకాయన పాట పెంచుతూ పోయాడు, నేనూ పెంచుతూ పోయాను. ఎనభై ఐదు వేల దగ్గర సుత్తి పడింది. కమిషన్, పన్నులు, ఆటో ట్రాలీ బాడుగ కలిసి లక్ష దాటింది. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేదేమో, నాకు అంత బాధ ఉండేది కాదు.

పదిరోజుల తర్వాత ఆవడిలో ఉండే ఒక పెద్దాయన ఇంటికి వచ్చారు. శ్రీకాకుళం మనిషి, సైన్యంలో తుపాకులు బాగుచేసే పని చేసి రిటైరయ్యారు. మామయ్యా అని పిలుస్తాను. తుపాకీని చేతిలోకి తీసుకుని ఇటు తిప్పి, అటు తిప్పి, "బాబూ, టేపు ఉందేటి ఇంట్లో?" అన్నారు.

గొట్టం కొలిస్తే 30 అంగుళాలు వచ్చింది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ పూర్తి రైఫిల్‌కి గొట్టం 39 అంగుళాలు, మొత్తం తుపాకీ దాదాపు 55 అంగుళాలు, చెక్కకీ గొట్టానికీ కలిపి మూడు పట్టీలు. అందులోనే రెండు పట్టీల పొట్టి రైఫిల్‌కి గొట్టం 33 అంగుళాలు. ఫిరంగి దళం వాళ్ల కార్బైన్‌కి, అంటే ఇంకా పొట్టి తుపాకీకి, 24. నా 30 వీటిలో దేనికీ సరిపోలేదు. ఎవరో అడవిలో వేటకి మోసుకెళ్లడానికి వీలుగా గొట్టం కోసి, మూడో పట్టీ తీసేసి, మూతి దగ్గర గురి చూడటానికి ఇత్తడి పూస ఒకటి అతికించారు. అసలు రైఫిల్‌లో గురి చూసే ముందు సైటు దిమ్మే బయొనెట్‌ని (మూతికి తగిలించే కత్తిని) పట్టి ఉంచే కొక్కెం కూడా. అది నా తుపాకీకి లేనే లేదు. ఇదంతా వేలం కేటలాగులో "రెండు పట్టీల అరుదైన రకం" అయింది.

తర్వాత ఆయన భూతద్దం అడిగారు. లాక్ ప్లేటు (తుపాకీని పేల్చే యంత్రాన్ని, అంటే లాక్‌ని, మోసే ఇనుప పలక) మీద కిరీటం గుర్తు సగం అరిగిపోయి ఉంది, దాని పక్కన 1857 మాత్రం నిన్న చెక్కినట్టు పదునుగా ఉంది. తుప్పు గుంటలు అంకెల మీదుగా పోవాలి. నా దాంట్లో అంకెల గీతలే గుంటలను కోసుకుంటూ పోయాయి. అంటే తుప్పు పట్టిన తర్వాత చెక్కారన్నమాట. మన దేశంలో ఆ సంవత్సరానికి ఉన్న విలువ అమ్మేవాళ్లకి బాగా తెలుసు. నిజానికి లాక్ మీద ఉండే ఏడాది ఆ లాక్ తయారైన ఏడాది మాత్రమే. 1857లో తిరగబడ్డ సిపాయిల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నది పాత నున్నటి గొట్టం మస్కెట్టే. ఎన్‌ఫీల్డ్ అప్పటికి డమ్‌డమ్, అంబాలా, సియాల్‌కోట్ శిక్షణ కేంద్రాల్లో ఇంకా నేర్పిస్తున్న దశలోనే ఉంది. కాబట్టి "సిపాయి వాడిన తుపాకీ" అని ఎవరైనా అంటే ఆ మాటకి రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి.

ఇక పాలిష్. చెక్క ఇనుము కన్నా వెంట్రుకవాసి ఎత్తుగా ఉండాలి, కర్మాగారంలో అలాగే అమర్చేవాళ్లు. ఉప్పుకాగితంతో రుద్దేస్తే చెక్క దిగిపోయి లాక్ ప్లేటు, మడమ (భుజానికి ఆన్చే చివర) మీది ఇత్తడి రేకు బయటికి పొడుచుకొస్తాయి. మడమ పక్కన గుండ్రంగా ఉండే ముద్ర కూడా చెరిగిపోతుంది. మీ ఫొటోలో లాక్ అంచు చూడండి, నాకైతే ప్లేటే పైకి కనిపిస్తోంది.

అన్ని మార్పులూ చెడ్డవి కావు. 1866 నుంచి బ్రిటిష్ సైన్యమే వేల ఎన్‌ఫీల్డులను స్నైడర్ పద్ధతిలో వెనక నుంచి తూటా పెట్టేలా మార్చింది. ఆ మార్పు కూడా చరిత్రే, దానికి విలువ ఉంది. సైన్యం చేసిన మార్పు వేరు, అమ్మకం కోసం మొన్న చేసిన మార్పు వేరు. ఈ తేడా కంటికి పట్టాలంటే అసలువి చూడాలి. ఎగ్మోర్ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది, సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియంలోనూ ఆయుధాలున్నాయి. పాటకి ముందే ఒక పూట అక్కడ గడపండి. నేను కొన్న తర్వాత వెళ్లాను.

ధర దగ్గర చాలామంది మోసపోయేది ఇక్కడే. విదేశాల్లో చెక్కుచెదరని ఎన్‌ఫీల్డ్ పలికిన ధర చూపించి, ఇక్కడ మందు అంటించే రంధ్రాన్ని వెల్డింగ్‌తో మూసేసిన దాన్ని అమ్ముతారు. 1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాతదైనంత మాత్రాన మినహాయింపు రాదు, మరమ్మతు చేసినా పేలని స్థితిలో ఉండాలి. అందుకే ఆ వెల్డింగ్. అది తప్పు కాదు, కానీ ధర ఆ మేరకు తగ్గాలి కదా. పైగా వందేళ్లు దాటిన వస్తువుని 1972 పురావస్తువుల చట్టం ప్రకారం మనలాంటివాళ్లు దేశం దాటించలేరు. ఆ విదేశీ ధర మనకి ఎప్పటికీ రాదు. ఇక్కడ కొనేది రిసార్టు గోడకి అలంకారం వెతికేవాళ్లు, కొద్దిమంది సేకర్తలు. నా తుపాకీకి తర్వాత వచ్చిన అతి పెద్ద బేరం పాతిక వేలు.

కాగితాల విషయంలో వేలంవాళ్ల నోటిమాట వినకండి. పోలీసు కమిషనర్ ఆఫీసులోని ఆయుధాల లైసెన్సుల విభాగంలో రాతపూర్వకంగా అడగండి, అమ్మేవారికి పురావస్తువుల లైసెన్సు ఉందో లేదో కూడా చూడండి. ఈ టెన్షన్ కొన్నాక పడేకన్నా ముందే పడటం నయం.

గొట్టం పూర్తి పొడవు ఉండి, ముద్రలు అరిగినా అసలువై ఉంటే, వెల్డింగ్ ఉన్నా నేను యాభై వేల వరకు పాడతాను. గొట్టం కోసింది అయితే పాతిక వేలు. శనివారం సరుకు చూడనిస్తారన్నారు కదా, టేపు, భూతద్దం, చిన్న టార్చి పట్టుకెళ్లండి. మీకు అభ్యంతరం లేకపోతే నేనూ వస్తాను. మామయ్యని కూడా అడిగి చూస్తాను, మోకాళ్ల నొప్పులు తగ్గితే ఆయనా వస్తారు.