పేజీ తిప్పే ముందు ఆగే ఆ క్షణం

32 పేజీల బొమ్మల పుస్తకాన్ని సినిమాగా తీయాలనుంది, కథ చాలడం లేదు, ఏం కలపాలి అని అడిగారు. కలిపే సంగతి తరవాత. సినిమా చేసేటప్పుడు ముందు ఒకటి పోతుంది, మేం పోగొట్టుకున్నాం కాబట్టి చెప్తున్నాను.

కొన్నేళ్ళ కిందట ఇలాంటి పుస్తకానికే స్టోరీబోర్డు, అంటే సినిమా షాట్లను వరసగా బొమ్మల్లో గీసుకునే నమూనా, వేశాను. అందులో ఒక పాప మూసిన తలుపు ముందు నిలబడుతుంది. కుడి పేజీ అక్కడితో అయిపోతుంది. తిప్పితే ఏనుగు. పిల్లలకు చదివి వినిపిస్తూ పేజీ అంచు పట్టుకుని ఎంతసేపు ఆగితే అంతసేపూ ఊపిరి బిగబట్టేవాళ్ళు. మర్నాడు మళ్ళీ అదే పేజీ, ఏనుగని తెలిసీ అదే సంబరం. బోర్డులో దాన్ని పాప, తలుపు, ఏనుగు అని మూడు షాట్లు చేశాను. వరసగా పేర్చి చూపిస్తే ఒక్కరూ కిక్కురుమనలేదు. ఏనుగు బాగానే ఉంది, ఆగడమే లేదు. సినిమాలో పేజీ మనమే తిప్పేస్తాం కదా!

తరవాత తలుపు షాట్‌ని నాలుగు సెకన్లు పెంచాం. సెకనుకు 24 చొప్పున 96 ఫ్రేములు, ఏమీ జరగదు. సంగీతం తీసేసి, తలుపు అవతల ఊపిరి చప్పుడు ఒక్కటే ఉంచాం. నిర్మాతకు ఒకటే టెన్షన్. పిల్లలు మాత్రం ఈసారి కేకలు పెట్టారు.

అందుకే కథ రాసుకునే ముందు మీ పుస్తకంలో పేజీ తిప్పిన ప్రతిసారీ ఏం మారుతోందో రాసుకోండి. ఒక పిల్లాడు మృగాలుండే చోటికి వెళ్ళే కథ, 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' (1963) అనే బొమ్మల పుస్తకంలో ఉన్నవి పట్టుమని పది వాక్యాలు. బొమ్మలు మాత్రం చిన్నగా మొదలై, పేజీ పేజీకీ పెరిగి, రెండు పేజీలూ ఆక్రమించేసరికి మాటలే మాయమవుతాయి. 2009 నాటి సినిమా, పుస్తకంలో పేర్లే లేని ఆ మృగాలకు పేర్లు, అలకలు, తగాదాలు ఇచ్చింది. నాకు ఇష్టమైన సినిమానే, కాకపోతే నాలుగేళ్ళ పిల్లలకంటే పెద్దవాళ్ళకే ఎక్కువ తగులుతుంది.

గంటన్నర తీయాలన్న పట్టుదల కూడా వద్దు. 'ద స్నోమాన్' (1978) మాటల్లేని పుస్తకం, 1982లో 26 నిమిషాల సినిమా అయింది. పిల్లాడూ మంచుబొమ్మా క్రిస్మస్ తాత దగ్గరికి వెళ్ళడం పుస్తకంలో లేదు, సినిమావాళ్ళు కలిపిందే. అయినా పాత్రల చేత మాట్లాడించలేదు, పొద్దున్నే మంచుబొమ్మ కరిగిపోవడాన్నీ మార్చలేదు.

విలన్ని పెట్టమని ఎవరో ఒకరు తప్పక అంటారు. మేమూ ఒక డ్రాఫ్టులో పెట్టాం. "ఈయన ఏ పేజీలో ఉన్నాడు?" అని ఒక పిల్లాడు అడిగాక తీసేశాం.

అన్నట్టు, హక్కులు. రాసినవారు, బొమ్మలు వేసినవారు వేరైతే ఇద్దరి అనుమతీ కావాలేమో ముందే కనుక్కోండి. మాకు బొమ్మలు వేసినావిడ సంగతి ఆలస్యంగా గుర్తొచ్చి, రెండు నెలలు పని ఆపుకుని కూర్చున్నాం.