పార్కింగ్ లెక్క గేటు దగ్గరే మొదలవుతుంది

ప్రశ్న: మాది నరసన్నపేట. బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం. ఈమధ్యే పాత కారు కొన్నాను. మల్టీలెవల్ పార్కింగ్‌లో రెండు గంటలకి డబ్బు కట్టి, టైముకే కారు దగ్గరికి వచ్చేశాను. అయినా 100 పౌండ్లు కట్టమని ఉత్తరం వచ్చింది. కట్టాలా?

జవాబు: తమ్ముడూ, నాది శ్రీకాకుళమే. డే అండ్ నైట్ జంక్షన్‌లో బండి షాపు ముందు ఆపి, షాపాయనకి ఓ మాట చెప్పి పనులు చూసుకున్నవాళ్లం. ఇక్కడ అలా కుదరదు. మీ కుర్రాళ్లు ఫోన్లో అన్నీ చూస్తారు గానీ గేటు దగ్గర బోర్డు చదవరు.

లోపలికి రాగానే కెమెరా నీ నంబర్ ప్లేటు ఫొటో తీస్తుంది. బయటికి పోయేటప్పుడు మళ్లీ తీస్తుంది. చాలాచోట్ల ఆ మధ్య టైమంతా లెక్కే. ఖాళీ కోసం తిరిగింది, ర్యాంపు మీద క్యూలో ఆగింది కూడా.

లెస్టర్ వచ్చిన కొత్తలో నాకిది తెలీదు. క్రిస్మస్ ముందు శనివారం. కింది అంతస్తులన్నీ నిండిపోయాయి. ఎక్కడో పైన, స్తంభానికీ వ్యానుకీ మధ్య సందు దొరికింది. తలుపు జానెడు కూడా తెరుచుకోలేదు. మా ఆవిడ ముందే దిగిపోతే నేను పక్కకి ఒరిగి బయటపడ్డాను. డబ్బు కట్టే మెషిన్ కింద ఉంది. తిరిగొచ్చేసరికి ఏ అంతస్తో గుర్తులేదు, రథసప్తమినాడు అరసవల్లిలో బండి వెతుక్కున్నట్టే అయింది. ఆపైన దిగడానికి పెద్ద క్యూ.

ఉత్తరం వచ్చింది, కానీ నేను ఖాళీ చేసిన పాత గదికి. లాగ్‌బుక్కులో, అంటే మన ఆర్‌సీ లాంటి కాగితంలో, అడ్రసు మార్చలేదు మరి. చేతికందేసరికి తగ్గింపు గడువు పోయింది, మొత్తం పెరిగింది. ఆ నెల ఇంటికి పంపే డబ్బు తగ్గింది. "కారు నిలబెట్టినందుకు డబ్బులేట్రా?" అన్నారు నాన్న ఫోన్లో. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ తర్వాత ఇక్కడే ఇల్లు కొన్నాను, పిల్లల్ని చదివించాను, పార్కింగ్ జరిమానా మాత్రం మళ్లీ కట్టలేదు.

అది ప్రైవేటు కంపెనీ ఉత్తరమైతే మామూలుగా 14 రోజుల్లో కడితే 60 పౌండ్లతో పోతుంది. కట్టిన టైము దాటాక పది నిమిషాల వెసులుబాటు కూడా ఉంటుంది. మిగతా రూల్సు ఆన్‌లైన్లో చూసుకో. నువ్వు దాటింది ఆ పది నిమిషాల లోపే అయితే రసీదు జతచేసి ఇవాళే అప్పీలు పెట్టు. ఎక్కువ దాటితే మాత్రం 60 కట్టేయ్. 100 అంటే మన డబ్బులో పదివేలు పైమాటే, ఊళ్లో అమ్మానాన్నలకి నెల సరుకులు వస్తాయి. ఉత్తరాన్ని చెత్తబుట్టలో వెయ్యమని స్నేహితులు చెబుతారు, వినకు. కోర్టు దాకా వెళ్లి తీర్పు నీమీద వచ్చి, నెలలోపు కట్టకపోతే ఆరేళ్లు నీ క్రెడిట్ రికార్డులో ఉంటుంది, రేపు ఇంటి లోనుకి అడ్డం పడుతుంది.

ఇకమీదట శనివారాలు పార్క్ అండ్ రైడ్‌లో, అంటే స్టేషన్ దగ్గరుండే పార్కింగ్‌లో, కారు పెట్టి రైలో ట్రామో ఎక్కు. తప్పక లోపలికెళ్తే అంతస్తు నంబరు ఫొటో తీసుకుని, ఇంకో గంటకి అదనంగా కట్టు. లాగ్‌బుక్కులో అడ్రసు ఇవాళ రాత్రే సరిచూసుకో.