నల్గొండ జిల్లాలో పాపకు పాలపొడి పట్టాలంటే ముందు నీళ్ల సంగతి తేల్చుకోవాలి

మునుగోడు దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లె అడిగింది. పాపకు ఐదో నెల. పాలు చాలడం లేదని డాక్టర్ పాలపొడి రాశారు. ఏ కంపెనీది కొనాలి, ఏ సీసా మంచిది, పళ్లు వచ్చాక ఏ పేస్ట్ వాడాలి? చివర్లో ఇంకో మాట కూడా రాసింది: "మా అత్తమ్మ బోరు నీళ్లే కాచి కలిపితే చాలంటోంది, నిజమేనా?"

చెల్లె, నువ్వు చివర్లో అడిగిందే అన్నిటికంటే పెద్ద ప్రశ్న. డబ్బా, సీసా, పేస్ట్ తర్వాత చూద్దాం. మన దగ్గర పాపకు ఏం కొనాలన్నా ముందు ఇంట్లో వాడేవి ఎలాంటి నీళ్లో తెలియాలి. నేను మర్రిగూడ వైపు పుట్టి పెరిగాను. నా ముందు పళ్ల మీద గోధుమ రంగు చారలున్నాయి. మా నాయినకు మెడ, నడుము బిగుసుకుపోయి, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేవాడు. రెండూ మా బోరు నీళ్లలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ అనే లవణం ఎక్కువై వచ్చినవే. అందుకే మా చిన్నోడికి మూడో నెలలో పాలపొడి మొదలుపెట్టాల్సి వచ్చినప్పుడు నేను డబ్బా కోసం కాదు, నీళ్ల కోసం తిరిగాను.

అత్తమ్మ చెప్పినదాంట్లో సగం నిజముంది. కాచితే క్రిములు చస్తాయి, అది తప్పకుండా చేయాల్సిందే. కానీ కాచినందుకు ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి కాబట్టి గంజులో మిగిలిన నీళ్లలో అది ఇంకొంచెం ఎక్కువే అవుతుంది. బట్టలో వడగట్టినా, క్యాండిల్ ఫిల్టర్లో పోసినా, యూవీ లైటు మాత్రమే ఉన్న ఫిల్టర్ పెట్టినా పోదు. అత్తమ్మకు ఫ్లోరైడ్ గోస గురించి మనం చెప్పక్కర్లేదు, మనకంటే ఎక్కువ చూసి ఉంటుంది. కాచితే పోదన్న ఒక్క మాట మెల్లగా చెప్పు చాలు. మా అత్తమ్మ అయితే అది విన్నాక బోరు బిందెను మనవడి గిన్నెల దగ్గరికి రానివ్వలేదు.

"మేమంతా ఇవే నీళ్లు తాగాం కదా, కొన్ని నెలలకే ఏమవుతుంది" అని చాలామంది అంటారు. లెక్క వేసి చూడు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లనుకుందాం. 60 కిలోల మనిషి రోజుకు 3 లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు, అంటే కిలో బరువుకు 0.1. అదే పాలపొడి మీదే ఉన్న 6 కిలోల పాప రోజుకు దాదాపు 900 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే 1.8 మిల్లీగ్రాములు, కిలో బరువుకు 0.3. పెద్దవాళ్లకు మూడింతలు! అమెరికా పోషకాహార ప్రమాణాల్లో ఆరు నెలల లోపు పిల్లలకు రోజుకు 0.7 మిల్లీగ్రాములు దాటొద్దని ఉంది. మన దేశంలో తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు, వేరే దారి లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అది ఇంటిల్లిపాదికీ వేసిన లెక్క. పాలపొడి తాగే పాపకు ఎంత తక్కువుంటే అంత మంచిది.

ఇంకో సంగతి. పాపకు ఇప్పుడు పళ్లు లేవు కదా అనుకోవద్దు. ఆరేడేళ్లకు వచ్చే ముందరి పళ్ల మీది పింగాణీ పొర చిగుళ్ల లోపల ఇప్పుడే, ఈ మొదటి మూడేళ్లలోనే ఎక్కువగా తయారవుతుంది. నా పళ్ల మీది చారలు బడికి వెళ్లే వయసులో బయటపడ్డాయి. అవి పడింది మాత్రం నాకు ఊహ తెలియక ముందు.

కాబట్టి మొదటి పని పరీక్ష. నల్గొండలో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబ్ ఉంది. కడిగిన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో రెండుసార్లు తొలిచి నింపి పట్టుకెళ్లు. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసా వద్దంటారు. నల్లా నీళ్లు ఒక సీసాలో, బోరు నీళ్లు ఇంకోదాంట్లో, క్యాన్ కొంటుంటే అవి వేరేదాంట్లో పట్టి, పైన పేర్లు రాయి. ఊళ్లో పంచాయతీ దగ్గర రంగు మారేదాన్ని బట్టి చూసే కిట్ ఉంటే వాడుకో, కానీ అది అంచనాకే. ఫిల్టర్లు అమ్మడానికి వచ్చేవాళ్లు టీడీఎస్ మీటర్ ముంచి "చూడండి ఎంత తగ్గిందో" అంటారు. ఆ మీటర్ నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పలేదు.

మీ ఇంటికి మిషన్ భగీరథ పథకం నల్లా వస్తుంటే, అవి కృష్ణ నీళ్లే అయితే, ఫ్లోరైడ్ తక్కువే ఉంటుంది. వాటిని బాగా కాచి వాడుకోవచ్చు, ఆర్వో ఫిల్టర్ కోసం వేలు పోయనక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త. మా ఊళ్లో పైపు పగిలినప్పుడల్లా ట్యాంకులోకి బోరు నీళ్లు ఎక్కించేవారు. నల్లాలో వచ్చేవి కాబట్టి అందరం మంచి నీళ్లే అనుకునేవాళ్లం. మీ ఊళ్లో ట్యాంకు నింపే అతన్ని అడుగు, "ఇయ్యాల ఏ నీళ్లన్నా" అని. నేను అలాంటి రోజుల కోసం ఒక బిందెడు మంచి నీళ్లు మూతపెట్టి పక్కన ఉంచేదాన్ని.

నల్లా లేకపోతే ఆర్వో ఒక దారి. అది ఫ్లోరైడ్‌ను బాగా తగ్గిస్తుంది, కానీ లోపలి పొర పాతబడితే పని చేయదు. ఊరి ప్లాంటులో నింపే క్యాన్ అయితే ఎప్పుడు మార్చారో అడగాలి, ఆ నీళ్లూ ఒకసారి ల్యాబ్‌కు ఇవ్వాలి. ఆర్వో నీళ్లను కూడా పాపకు కాచే వాడాలి, ఎందుకంటే క్యాన్ ఎంత శుభ్రంగా కడిగారో మనకు తెలియదు. ఇంట్లో పెట్టించుకుంటే రెండో పైపులో బయటికి వచ్చే నీళ్లలో ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ. అవి వంటకు వద్దు, గిన్నెలు తోమడానికో బాత్రూమ్ కడగడానికో సరిపోతాయి.

పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి ఉంది. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసిన ఆ పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే ఉంది. కానీ నీళ్లను పరీక్షించి కొలత ప్రకారం వేయాల్సినవి అవి. పాప నీళ్ల కోసం ఇంట్లో చేతికొచ్చినంత పటిక వేయొద్దు.

ఇక నీ పాల గురించి. పాలపొడి రాశారని తల్లిపాలు ఆపకు, చెల్లె. నువ్వు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్నా పాలలోకి వచ్చేది చాలా చాలా తక్కువ. నా పాల ద్వారా బిడ్డకు అంటుతుందేమోనని నేనూ టెన్షన్ పడ్డాను, డాక్టరమ్మ చెప్పాకే నాకు నిద్ర పట్టింది. ప్రతిసారీ ముందు రొమ్ము పట్టించి, తక్కువపడిన మటుకే పాలపొడి ఇవ్వు. పాప తాగేకొద్దీ పాలు ఊరుతాయి. ఎండలు మండుతున్నా ఆరు నెలల దాకా విడిగా నీళ్లు తాగించనక్కర్లేదు.

డబ్బా విషయంలో నేను ఎక్కువ ఆలోచించలేదు. శిశువుల పాలపొడిలో ఏమేం ఉండాలో మన దేశంలో నియమాలు ఉన్నాయి, కాబట్టి కంపెనీకీ కంపెనీకీ తేడా కొద్దిదే. 1992లో వచ్చిన చట్టం ప్రకారం వీటికి ప్రకటనలు ఇవ్వకూడదు, డబ్బా మీద పాప బొమ్మ వేయకూడదు, ఉచితంగా శాంపిళ్లు పంచకూడదు. ఎవరైనా చేతిలో శాంపిల్ పెడితే తీసుకోకు. డాక్టర్ రాసింది, వయసుకు సరిపోయేది, గడువు తేదీ ఉన్నది చాలు.

కలపడంలో మాత్రం శ్రద్ధ కావాలి. పొడిలోనూ క్రిములు ఉండొచ్చు, అందుకే చల్లారిన నీళ్లలో కలపొద్దు. కాచిన నీళ్లు దించాక అరగంట లోపు, ఇంకా బాగా వేడిగా, 70 డిగ్రీలకు తగ్గకుండా ఉన్నప్పుడే కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు నీళ్లు కొలిచి పోసి, తర్వాత డబ్బాలోని చెంచాతో తలకొట్టి పొడి వేయాలి. ఆ తర్వాత సీసాను చల్లనీళ్లలో ఉంచి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. డబ్బా తొందరగా అయిపోతోందని పలచగా కలపడం, కడుపు నిండాలని చిక్కగా కలపడం, రెండూ పాపకు చేటే. కలిపాక రెండు గంటలు దాటినవి, పాప తాగి వదిలేసినవి పారబోయాల్సిందే. ఖరీదైన పాలను పారబోయాలంటే చేయి రాదు, నాకు తెలుసు. అందుకే కొద్దికొద్దిగా కలుపు. బర్రె పాలు, ఆవు పాలు ఏడాది నిండేదాకా పాలపొడి బదులు వద్దు.

సీసా అడిగావు. నేను ఎక్కువగా వాడింది ఉగ్గుగిన్నె. స్టీలుది, మూలమూలకూ చేయి వెళ్తుంది, కాచడం సులువు. సీసా పాలపీకలో, మెడ మలుపులో పాలు పేరుకుంటే ఎంత తోమినా నమ్మకం ఉండదు. సీసానే కావాలంటే ఐఎస్ఐ గుర్తు ఉన్నది, వెడల్పు మూతి ఉన్నది తీసుకో. స్టెరిలైజర్ మిషన్ కొనొద్దు, మూత ఉన్న పెద్ద గంజులో మరిగిస్తే అదే పని అవుతుంది.

వచ్చే నెల ఉగ్గు మొదలుపెడతావు కదా, అప్పుడు చాలా ఇళ్లలో జరిగేదొకటి చెబుతా. తాగడానికి క్యాన్ నీళ్లు, వంటకు బోరు నీళ్లు. రాగి జావ, బియ్యం పెసరపప్పు ఉగ్గు అంటే గిన్నెలో ఉండేది చాలా మటుకు నీళ్లే. అన్నం, పప్పు కూడా ఉడికేటప్పుడు నీళ్లన్నీ తాగేస్తాయి. పాప వంటకు కూడా పాప తాగే నీళ్లే వాడు. ఏడాది దాటాక చాయలో బిస్కెట్ ముంచి పెట్టడం మన దగ్గర మామూలు, అది అసలు అలవాటు చేయకు. చాయ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది, పైగా తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు.

పేస్ట్ సంగతి నీళ్ల రిపోర్ట్ మీదే ఆధారపడి ఉంటుంది. ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లు తాగే పిల్లలకు ఫ్లోరైడ్ పేస్ట్ బియ్యపు గింజంత వాడితే పళ్లు పుచ్చిపోకుండా కాపాడుతుంది. మా ఇంట్లో బోరు నీళ్ల రిపోర్ట్ లీటరుకు 2 మిల్లీగ్రాములకు పైనే వచ్చింది. అందుకే మా పళ్ల డాక్టర్, పిల్లలకు ఉమ్మడం వచ్చేదాకా ఫ్లోరైడ్ లేని పేస్టే వాడమన్నారు, అదే వాడాం. మన దేశంలో పేస్ట్‌లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదు, ఎంతుందో ట్యూబ్ మీద రాసి ఉంటుంది, చదివి కొను. చాక్లెట్ రుచి ఉన్నవి పిల్లలు చప్పరించి మింగేస్తారు, అవి వద్దు.

ల్యాబ్ రిపోర్ట్ రాగానే మూడు సీసాల అంకెలూ ఇక్కడ రాయి, ఊళ్లో ఏ నీళ్లు ఏ రోజు వస్తాయో కూడా చెప్పు. ఆర్వో అవసరమా, నల్లా నీళ్లే చాలా అన్నది చూసి చెబుతా. అప్పటిదాకా భగీరథ నల్లా ఉన్న ఇంటి నుంచి రోజుకు ఒక బిందె తెచ్చుకోగలిగితే తెచ్చుకో.