టెక్సాస్‌లో రెస్టారెంటు తలుపు మీద ఎర్రటి 51% కనిపిస్తే

టెక్సాస్‌లో తుపాకీ లైసెన్సు ఉంది, శుక్రవారం రాత్రి స్నేహితులతో కలిసి మద్యం కూడా అమ్మే రెస్టారెంటుకు వెళ్తున్నాను, నేను తాగను, మరి తుపాకీ నడుముకు ఉంచుకుని లోపలికి వెళ్లవచ్చా అని అడిగారు. మీరు తాగుతారా లేదా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. మొదట చూడవలసింది ఆ వ్యాపారం దేని మీద బతుకుతోంది అన్నది. అక్కడే కూర్చుని తాగడానికి అమ్మే మద్యం మీదే 51 శాతం, లేదా అంతకు మించి ఆదాయం వచ్చే చోటికి తుపాకీతో వెళ్లడం నేరం. మీరు మంచినీళ్లు తాగి బయటికి వచ్చినా, చేతిలో లైసెన్సు ఉన్నా నేరమే. 2021 సెప్టెంబరు 1 నుంచి లైసెన్సు లేకుండానే తుపాకీ వెంట ఉంచుకునే వీలు వచ్చింది కదా అని కొందరు అంటారు. ఆ మార్పు ఈ నిషేధాన్ని తొలగించలేదు. శిక్ష కూడా చిన్నది కాదు: ఫెలొనీ, అంటే తీవ్రమైన నేరం కింద 2 నుంచి 10 ఏళ్ల వరకు జైలు, 10,000 డాలర్ల వరకు జరిమానా.

అలాంటి చోట తలుపు దగ్గర ఎర్రటి పెద్ద అంకెలతో 51% అని రాసిన బోర్డు పెట్టాలి. దాన్ని నేను మొదటిసారి చూసిన రాత్రి ఇప్పటికీ గుర్తుంది.

మా అన్నయ్యకు డాలస్ శివార్లలో గ్యాస్ స్టేషన్‌తో కలిసిన చిన్న దుకాణం ఉంది. వారాంతాల్లో రాత్రి దుకాణం మూసేది నేనే. రోజంతా వచ్చిన నగదు సంచిలో వేసుకుని చీకట్లో కారు దాకా నడిచే ఆ కాసేపటి భయంతోనే, గ్రీన్ కార్డు వచ్చాక 2016లో లైసెన్సు తీసుకున్నాను. మరుసటి ఏడాది ఒక శనివారం దుకాణం మూసి, స్నేహితుడి పుట్టినరోజు విందుకు నేరుగా వెళ్లాను. పిల్లలతో కూర్చుని చికెన్ వింగ్స్ తినే చోటులాగే కనిపించింది. తలుపు తోయబోతూ పక్కన చూస్తే ఎర్రటి అంకెలు. అక్కడే ఆగిపోయాను.

నాతో వచ్చిన తమ్ముడిలాంటి స్నేహితుడు, "నాకివ్వండి అన్నా, నేను లోపలికి రాను, కారులో నా దగ్గర ఉంచుకుంటాను" అన్నాడు. ఇచ్చేవాడినే. చెయ్యి నడుము దాకా వెళ్లింది కూడా. అతను హెచ్1బీ వీసా మీద ఉన్నాడన్న సంగతి అప్పుడు తట్టింది.

మీ ప్రశ్నలో లేకపోయినా ఈ సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. హెచ్1బీ, ఎఫ్1 వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం వంటి కొన్ని మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. తెలిసి అలాంటివారి చేతికి ఇచ్చినవారిదీ నేరమే. 2022 నుంచి ఈ రెండింటికీ గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. గ్రీన్ కార్డు ఉన్నవారికి కూడా ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించివేయడానికి అది కారణం కాగలదు. ఆ రాత్రి అయిదు నిమిషాల సాయం అనుకుని మేమిద్దరం ఎంత దూరం వెళ్లబోయామో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

చివరికి తుపాకీని కారులోనే వదిలాను. పార్కింగ్ స్థలం ఆ నిషేధం కిందికి రాదు, భవనమే వస్తుంది. కానీ గ్లవ్ బాక్సులో పెట్టి వచ్చినందుకు అన్నం సయించలేదు. కారు అద్దం పగలగొడితే అది ఎవరి చేతికి పోతుందో అన్న దిగులు. మర్నాడే సీటు కింది ఇనుప చట్రానికి తీగతో బిగించే చిన్న పెట్టె కొన్నాను. మీరూ కొనండి.

51 శాతానికి తక్కువైన మామూలు రెస్టారెంటు అయితే టెక్సాస్‌లో వెళ్లవచ్చు, బార్ కౌంటర్ దగ్గర కూర్చున్నా తప్పు లేదు. అయితే యజమాని వద్దనవచ్చు. తలుపు మీద 30.06, 30.07 అన్న చట్టం సెక్షన్ల అంకెలతో ఇంగ్లిషులో, స్పానిష్‌లో బోర్డు ఉందేమో చూడండి. మద్యం మత్తులో తుపాకీ వెంట ఉంచుకోవడం మరో నేరం. రక్తంలో మద్యం 0.08 శాతానికి చేరడం ఒక్కటే కొలత కాదు, మామూలుగా ఉండే పట్టు తప్పినా మత్తు కిందే లెక్క. ముందే తెలుసుకోవాలంటే మద్యం లైసెన్సులు ఇచ్చే టీఏబీసీ వెబ్‌సైటులో ఆ రెస్టారెంటు పేరు వెతకండి. దానికి ఎర్రటి 51% బోర్డు వర్తిస్తుందో లేదో అక్కడ ఉంటుంది.

ఈ లెక్క వేరే రాష్ట్రాలకు పట్టుకెళ్లకండి. ఫ్లోరిడాలో ఆదాయం కాదు, గది చూస్తారు: అదే రెస్టారెంటులో భోజనం బల్ల దగ్గర సరే, బార్ భాగంలో కాదు. వర్జీనియాలో 2010 జులై నుంచి పర్మిట్ ఉన్నవారు దాచి ఉంచుకుని రెస్టారెంటుకు వెళ్లవచ్చు, కానీ లోపల ఒక్క గుక్క కూడా తాగకూడదు. న్యూయార్క్ 2022 సెప్టెంబరు నుంచి మద్యం వడ్డించే చోట్లన్నింటినీ నిషిద్ధ స్థలాల్లో చేర్చింది. పైగా మీ లైసెన్సును ఆ రాష్ట్రం గుర్తిస్తుందో లేదో అది వేరే చూసుకోవాలి.

నా మటుకు నేను, స్నేహితులతో తాగే చోటికి వెళ్లే రోజు తుపాకీని ఇంట్లో పెట్టెలోనే ఉంచి తాళం వేస్తాను. దుకాణం మూసే రాత్రి అయితే ముందు ఇంటికి వెళ్లి, దాన్ని పెట్టేసి, ఆలస్యంగానైనా తర్వాతే విందుకు వెళ్తాను. శుక్రవారం మీతో వచ్చేవారిలో వీసా మీద ఉన్నవారు ఉంటే, బయలుదేరే ముందే ఈ సంగతి వారికి చెప్పండి.